ఎంత ఎత్తుకు ఎంత మందం: మా ఆటస్థలానికి రబ్బరు నేల వేయించిన అనుభవం

గత సంక్రాంతి సెలవుల్లో మా అపార్టుమెంటు పిల్లల ఆటస్థలానికి కొత్త రబ్బరు నేల వేయించాము. సంఘం సభ్యులు ఆ పని నాకు అప్పగించినప్పుడు, రంగులు ఎంచి కొటేషన్లు తెప్పించడంతో నా బాధ్యత తీరిపోతుందని అనుకున్నాను. పని పూర్తయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. అందులో రబ్బరు పరచడానికి పట్టినవి నాలుగు రోజులే; మిగిలిన కాలమంతా కొలవడంలో, చదవడంలో, అడగడంలో గడిచింది. ఇదే పని తలపెట్టిన అపార్టుమెంటు సంఘాలకూ ప్లేస్కూళ్ళు నడిపేవారికీ ఉపయోగపడుతుందనే ఆశతో తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది హైదరాబాదులో నిజాంపేట వైపు రెండు బ్లాకుల చిన్న సముదాయం. ఆ రెండు బ్లాకుల నడుమ 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న జాగాను బిల్డరు పిల్లల కోసం వదిలాడు. దానిలో సగం మట్టినేల మీద, సగం సెల్లారు స్లాబు మీద ఉంటుంది. ఒక జారుడు బల్ల, ఉయ్యాలల చట్రం, సీసా బల్ల, విల్లులా వంచిన ఇనుప నిచ్చెన ఉండేవి. కొన్నేళ్ళ క్రితం అక్కడి సిమెంటు పేవర్ల మీద 25 మిల్లీమీటర్ల మందమున్న ఎరుపు, ఆకుపచ్చ రబ్బరు టైళ్ళు గమ్ముతో అతికించారు. ఆనాటి సమావేశంలో నేనూ ఉన్నాను. చదరపు అడుగుకు ఎంత, ఏ రంగు ఎక్కడ అనే రెండు ప్రశ్నలు తప్ప మూడో ప్రశ్న మాలో ఎవరికీ తోచలేదు. కాలికి మెత్తగా తగులుతోంది కనుక పిల్లలకు భద్రమే అనుకున్నాము.

నిరుడు శ్రావణ మాసంలో ఒక సాయంత్రం మా పక్క ఫ్లాటు బాబు, ఏడేళ్ళవాడు, ఆ ఇనుప నిచ్చెన పైనుంచి పట్టు తప్పి వెనక్కి పడ్డాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది, తల వెనుక పెద్ద బొప్పి కట్టింది. రాత్రంతా ఆసుపత్రిలో కనిపెట్టి చూసి మరునాడు ఇంటికి పంపారు. వాడు కోలుకున్నాడు. ఆ ఉదయం నేను నిచ్చెన కింద మోకాళ్ళ మీద కూర్చుని, వాడు పడ్డచోట టైలును బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాను. పైపొర కొద్దిగా లొంగింది, ఆ వెంటనే అడుగున రాయి తగిలినట్లు వేలు ఆగిపోయింది. పక్క టైలు మూల పైకి లేచి ఉంది. పట్టి ఎత్తితే మొత్తం టైలు చేతిలోకి ఊడివచ్చింది. కింద నిలిచిన వాననీరు, నల్లని బురద, చీమల గుడ్లు. గమ్ము పేవరును పట్టుకుని ఉండిపోయింది కానీ టైలు వెనుక దాని జాడే లేదు.

ఐదడుగుల ఎత్తునుంచి పడిన పిల్లవాడి తల నేలను తాకే వేళకు గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఇది మనమందరం బడిలో చేసిన లెక్కే. ఆ వేగమంతా ఎంత దూరంలో ఆగుతుందనే దాని మీద దెబ్బ తీవ్రత ఆధారపడుతుంది. ఆగడానికి దొరికిన దూరం రెండు మిల్లీమీటర్లయితే తలకు తగిలే సగటు తాకిడి భూమ్యాకర్షణకు సుమారు 750 రెట్లుంటుంది. అదే రెండు సెంటీమీటర్లయితే 75 రెట్లకు దిగుతుంది. పాతిక మిల్లీమీటర్ల టైలు రెండు సెంటీమీటర్లు అణగలేదు, ఎందుకంటే కొంతవరకు నలిగిన తర్వాత రబ్బరు బిగుసుకుపోయి, కింది కాంక్రీటు గట్టితనాన్ని అలాగే పైకి అందిస్తుంది. అందువల్ల రబ్బరు నేలలో మనం డబ్బిచ్చి కొనేది మందం, ఆ మందం ఎంత ఉండాలో నిర్ణయించేది పిల్లవాడు ఎక్కగల ఎత్తు. మా పాత నేలను ఎంచినప్పుడు ఈ రెండూ మా చర్చలోకే రాలేదు.

ఈ తాకిడిని కొలిచే పద్ధతికి మూలం వాహన ప్రమాదాల పరిశోధనలో ఉంది. అమెరికా వారి ఏఎస్‌టీఎం ఎఫ్ 1292, ఐరోపా వారి ఈఎన్ 1177 ప్రమాణాల ప్రకారం, లోపల త్వరణమాపకం అమర్చిన 4.6 కిలోల అర్ధగోళాకారపు లోహపు తలను క్రమంగా ఎత్తు పెంచుతూ నేల మీదికి జారవిడుస్తారు. గరిష్ఠ త్వరణం భూమ్యాకర్షణకు 200 రెట్లు దాటకూడదు; దెబ్బ తీవ్రతనూ అది నిలిచిన వ్యవధినీ కలిపి కట్టే హెచ్‌ఐసీ అనే లెక్క 1000 దాటకూడదు. ఈ రెండింటిలో ఏది ముందుగా హద్దును చేరితే అప్పటి ఎత్తు ఆ నేలకు క్రిటికల్ ఫాల్ హైట్, అంటే అది కాపాడగల గరిష్ఠ పతన ఎత్తు, అవుతుంది. ఈ హద్దుకు లోబడి ఉన్నంత మాత్రాన దెబ్బ తగలదని అనుకోకూడదు. ప్రాణం మీదికి తెచ్చే తలగాయం అవకాశాన్ని తగ్గించడం వరకే దీని ఉద్దేశం, చేతి ఎముకలు విరగడం ఈ లెక్కలో లేనే లేదు. పక్క ఫ్లాటు బాబు మణికట్టు ఎంత మంచి నేల మీదనైనా విరిగి ఉండవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది వాడి తల వెనుక బొప్పి.

అందుకని కొటేషన్ల కంటే ముందు టేపు పట్టుకుని ఆటస్థలంలోకి దిగాను. జారుడు బల్ల మీద పిల్లలు నిలబడే వేదిక ఐదడుగులుంది. ఎక్కే నిచ్చెనలకు వాటి మీద అత్యంత ఎత్తైన చోటునే పతన ఎత్తుగా తీసుకోవాలి కనుక విల్లు నిచ్చెనకు ఆరడుగులు, అంటే సుమారు 1.8 మీటర్లు వచ్చింది. ఉయ్యాల విషయంలో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం ప్రచురించిన ఆటస్థలాల కరదీపిక, కూర్చునే పీట ఎత్తును వదిలి, గొలుసులు వేలాడే పైకడ్డీ ఎత్తునే లెక్కలోకి తీసుకోమంటుంది. మా చట్రం కడ్డీ ఎనిమిది అడుగులు. అదే పుస్తకం ప్రకారం ప్రతి ఆటవస్తువు చుట్టూ కనీసం ఆరడుగుల మేర మెత్తని నేల ఉండాలి, ఉయ్యాలకు మాత్రం ముందువైపూ వెనుకవైపూ కడ్డీ ఎత్తుకు రెట్టింపు దూరం విడవాలి. అంటే ముందు 16 అడుగులు, వెనుక 16 అడుగులు. నలభై అడుగుల మా జాగాలో ముప్పై రెండు అడుగులు ఒక్క ఉయ్యాలే మింగేస్తుందన్న మాట. ఇంతవరకు ఆ ఉయ్యాల ముందు కొస నుంచి మూడు గజాల దూరంలో సీసా బల్ల ఉండేది.

ఉయ్యాల తీసేద్దామని సమావేశంలో అన్నప్పుడు మొదట అభ్యంతరం చెప్పింది పిల్లలు కారు, బి బ్లాకు రెండో అంతస్తు మామ్మగారు. "ఉయ్యాల లేకపోతే అది ఆటస్థలం ఎలా అవుతుందమ్మా? నేను రోజూ మా మనవరాల్ని ఎత్తుకుని దిగేది దాని కోసమే" అన్నారు. ఆవిడ మాటలో న్యాయముంది. చివరకు చట్రాన్ని కోయించి కడ్డీని ఆరడుగులకు దించి, చిన్నపిల్లల పీటలు బిగించి, జాగా పొడవు వెంబడి ఒక పక్కగా జరిపాము. రెండువైపులా పన్నెండేసి అడుగులు దొరికాయి. సీసా బల్లను తొలగించాము. నేల ఎంపికకు ముందే వస్తువుల స్థానాలు తేల్చుకోవాలన్నది ఈ పనిలో నేను మొదట నేర్చుకున్న సంగతి, ఎందుకంటే మందపు రబ్బరు ఎక్కడ పడాలో వాటిని బట్టే తెలుస్తుంది.

రబ్బరు కాకుండా వేరే మార్గాలు కూడా చూశాము. తొమ్మిది అంగుళాల లోతున ఇసుక వేస్తే నాలుగు అడుగుల పతనం వరకు, అంతే లోతున చెక్కముక్కలు వేస్తే పది అడుగుల వరకు కాపాడతాయని అదే కరదీపిక చెబుతుంది. అయితే ఇవి తొక్కిడికి కనీసం నాలుగో వంతు అణగిపోతాయి కనుక మొదట పన్నెండు అంగుళాలు పోయాలి, పిల్లలు చెల్లాచెదరు చేసిన చోట ఎప్పటికప్పుడు సర్దుతూ ఉండాలి. పల్లెలో మా అమ్మమ్మగారి బడిలో ఏటి ఇసుక పోసిన ఆటస్థలం నాకు బాగా గుర్తుంది, దానికి సాటి వచ్చే నేల లేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ వీధి కుక్కలూ పిల్లులూ తిరిగే మా ప్రాంగణంలో, సెల్లారు కప్పు మీద, ఒక్క వాచ్‌మన్ చూసుకోవలసిన చోట అది సాధ్యపడదు. పచ్చిక ఒక్క వేసవికే అరిగి గట్టి మట్టి తేలుతుంది. గట్టి మట్టిని ఆ పుస్తకం రక్షణ నేలగా అంగీకరించదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ప్లేస్కూళ్ళలో కాంక్రీటు మీద నేరుగా కృత్రిమ గడ్డి చాప పరిచి దాని మీద జారుడు బల్ల పెడుతున్నారు. కింద తగిన మందంలో ఫోమ్ పొర లేని గడ్డి చాప కాంక్రీటును కంటికి కనపడకుండా చేస్తుందే తప్ప పడిన పిల్లవాడికి ఏ సాయమూ చేయదు. బడిలో చేర్చే ముందు తల్లిదండ్రులు ఆ చాప అంచు ఎత్తి కింద ఏముందో చూడాలి. అలాగే ఒకదానిలో ఒకటి ఇమిడే రంగురంగుల ఫోమ్ చాపలు ఇంట్లో పాకే బిడ్డకు సరిపోతాయి కానీ ఎండకూ వానకూ ఎక్కే వస్తువుల కిందికీ పనికిరావు.

రబ్బరులో రెండు దారులున్నాయి. ఒకటి అచ్చు పోసి తెచ్చే టైళ్ళు, రెండోది రబ్బరు పలుకులను జిగురుతో కలిపి అక్కడికక్కడే పరిచే నేల. ఈపీడీఎం అనేది ఒక రకం కృత్రిమ రబ్బరు; మన ఊళ్ళలో ఈ రెండో దానిని ఆ పేరుతోనే ఈపీడీఎం ఫ్లోరింగ్ అంటున్నారు. టైళ్ళను నేను తక్కువ చేయను. మంచి టైలుకు అడుగున పొట్టి కాళ్ళ వంటి బుడిపెలుంటాయి. అవి దెబ్బకు వంగి మెత్తదనాన్ని పెంచుతాయి, వాటి మధ్య నుంచి నీరు పారిపోతుంది. పక్కల రంధ్రాల్లో ప్లాస్టిక్ పిన్నులు దూర్చి ఒకదానికొకటి బిగిస్తారు కనుక గమ్ము మీదనే ఆధారపడవలసిన పనిలేదు. పాడైన ఒక్కదాన్ని తీసి కొత్తది పెట్టుకోవచ్చు, ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఊడదీసి తీసుకెళ్ళవచ్చు. అద్దె భవనంలో ప్లేస్కూలు నడిపేవారికి నేను టైళ్ళే సూచిస్తాను, కావలసిన ఎత్తుకు పరీక్షించిన మందం దొరికితే. మాకు వచ్చిన ఇబ్బంది అతుకులతో. ఎండకు వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుని, మూలలు పైకి లేచి, పరిగెత్తే పిల్లల కాళ్ళకు తగిలేవి. నిచ్చెన కాళ్ళ చుట్టూ కోసి పెట్టిన ముక్కలు మొదటి ఏడాదిలోనే కదిలిపోయాయి. శాశ్వతంగా ఉండే, గుండ్రని అంచులూ స్తంభాలూ ఉన్న మా జాగాకు అతుకులేని నేలే సరైనదని నిర్ణయించాము.

ఈ నేలకు రెండు పొరలుంటాయి. కింది పొర పాత టైర్లను తురిమి తీసిన ఎస్‌బీఆర్ అనే నల్లని రబ్బరు ముక్కలతో మందంగా, మెత్తగా ఉంటుంది. పడిన తలను కాపాడేది ఇదే. పై పొర రంగు కలిపి తయారుచేసిన ఈపీడీఎం పలుకులతో పది, పదిహేను మిల్లీమీటర్ల మందాన ఉండి ఎండకూ అరుగుదలకూ ఓర్చుకుంటుంది. రెండింటినీ పట్టి ఉంచేది పాలీయూరిథేన్ బైండరు అనే జిగురు. ఖరీదు పై పొరలో ఎక్కువ, కంటికి కనిపించేది కూడా పై పొరే. అందువల్ల ఎవరైనా తగ్గించదలిస్తే కంటికి కనపడని కింది పొర మందాన్నే తగ్గిస్తారు. కొటేషన్లో "50 ఎంఎం ఈపీడీఎం" అని ఒక్క ముక్కలో రాస్తే సంతకం పెట్టకండి. కింది పొర ఎంత, పై పొర ఎంత అన్నది విడివిడిగా రాయించుకోవాలి.

నేను మాట్లాడిన నలుగురు కాంట్రాక్టర్లలో ముగ్గురు "ఎంత మందం కావాలి మేడం?" అని నన్నే అడిగారు. నేను తిరిగి, "1.8 మీటర్ల పతన ఎత్తుకు మీ నేల ఎంత మందం ఉండాలో పరీక్ష నివేదికతో చెప్పండి" అన్నాను. ఒకరు మళ్ళీ ఫోను చేయలేదు. ఒకరు రంగుల పుస్తకం పంపారు. మూడోవారు పంపిన నివేదిక నిజమైనదే, కానీ పరీక్షించిన నమూనా మందం 80 మిల్లీమీటర్లు, మాకు వేస్తామన్నది 40. నాలుగోవారు ఒక్కో మందానికి ఒక్కో నివేదిక పంపి, మీ నిచ్చెన కిందికి 60 మిల్లీమీటర్ల కింది పొర, 15 మిల్లీమీటర్ల పై పొర వేయాలి, దానికి రెండు మీటర్ల వరకు పరీక్ష ఉంది, మిగిలిన నడక దారికి అంత అక్కరలేదు అని వివరంగా రాశారు. పని వారికే ఇచ్చాము. ఈ అంకెలు వారి పలుకులకూ వారి బైండరుకూ చెందినవి. మరొక తయారీదారు దగ్గర అదే ఎత్తుకు మందం వేరుగా ఉండవచ్చు కనుక మా అంకెలను ఎవరూ ఉన్నవి ఉన్నట్లుగా వాడవద్దు. అమెరికా ప్రమాణం ప్రయోగశాల పరీక్షను సున్నా కంటే తక్కువ, మామూలు, 49 డిగ్రీల సెల్సియస్ అనే మూడు ఉష్ణోగ్రతల వద్ద చేయిస్తుంది. మన మే నెల ఎండకు ఆ మూడో అంకెను తప్పక చూడాలి.

నమూనాలను ఇంటికి తెచ్చి వంటింటి చపాతీ బల్ల మీద పరీక్షించాను. ఒక్కో సంచిలోంచి నాలుగు రంగు పలుకులు తీసి బ్లేడుతో రెండుగా కోశాను. అసలైన ఈపీడీఎం పలుకు లోపల కూడా అదే నీలం, అదే ఎరుపు. ఒక సంచిలోని పలుకులు పైకి నీలంగా ఉండి లోపల కాటుకలా నల్లగా ఉన్నాయి, అంటే టైరు ముక్కకు రంగు పూశారు. ఆ రంగు ఒకటి రెండు వేసవులకు రాలిపోయి నల్లని నేల మిగులుతుంది. మరొక సంచిలోవి వేళ్ళ మధ్య వంచగానే సుద్దముక్కల్లా పొడి రాల్చాయి. రబ్బరు తక్కువై పూరకం ఎక్కువైన సరుకు అది. నీలం, తెలుపు వంటి లేత రంగులు కోరుకునేవారు బైండరు గురించి కూడా అడగాలి. అరోమాటిక్ రకం ఎండకు పసుపెక్కి, లేత నీలాన్ని కొన్నాళ్ళు ఆకుపచ్చగా చూపిస్తుంది. అలిఫాటిక్ రకం పసుపెక్కదు కానీ ఖరీదు చాలా ఎక్కువ. మేము ఇటుక ఎరుపు, ఇసుక రంగు ఎంచుకుని ఆ ఖర్చు తప్పించుకున్నాము.

టైరు రబ్బరులో హానికర రసాయనాలుంటాయి కదా అని ఇద్దరు తల్లులు అడిగారు. న్యాయమైన ప్రశ్న అది. టైరు రబ్బరులో పీఏహెచ్ అనే వర్గానికి చెందిన రసాయనాలుంటాయి, వాటిలో కొన్ని క్యాన్సరు కారకాలు. మైదానాల్లో, ఆటస్థలాల్లో విడిగా చల్లే రబ్బరు పలుకుల్లో అటువంటి ఎనిమిది రసాయనాల మొత్తం కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య 2022 ఆగస్టు నుంచి హద్దు పెట్టింది. ఆ హద్దుకు లోబడినట్లు నివేదిక ఇవ్వమని మేమూ అడిగి తీసుకున్నాము. టైరు ముక్కలు బైండరులో బంధించబడి, వాటి మీద ఈపీడీఎం పొర కప్పి ఉండటం వల్ల పిల్లల చేతులు వాటిని నేరుగా తాకవు. విడిగా చల్లిన టైరు ముక్కలను మాత్రం, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు తిరిగే చోట నేను ఒప్పుకోను.

ఇక అడుగు నేల. పాత పేవర్లు తీయించి, మట్టినేల వైపు కంకర దిమ్మిస చేయించి కాంక్రీటు పోయించాము. సెల్లారు స్లాబు వైపు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి అదనపు బరువు సంగతి తేల్చుకున్నాము. ఆటవస్తువుల కాళ్ళ కోసం స్లాబులోకి డ్రిల్లు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పొర చిల్లుపడి కింద కార్ల మీద నీరు కారుతుందని ఆయన హెచ్చరించారు. అందుకని పాత వాటర్‌ప్రూఫింగ్‌ను ముందు బాగుచేయించి, పైన కొత్త కాంక్రీటు పొర పోసి, బోల్టులను ఆ పొరలోనే నిలిపాము. నీరు నిలవకుండా వాటం పెట్టడం ఇక్కడే జరగాలి. ఈ నేల గుండా నీరు ఇంకి కిందికి దిగుతుంది, దిగిన నీటికి కాంక్రీటు మీద దారి లేకపోతే రబ్బరు కింద చెరువు కడుతుంది. మా మేస్త్రి రసమట్టం పెట్టి, వంద అడుగులకు ఒకటిన్నర అడుగు చొప్పున డ్రెయిన్ వైపు వాటం ఇచ్చి, బకెట్టు నీళ్ళు పోసి పారే తీరు చూపించిన తర్వాతే డబ్బు తీసుకున్నాడు.

కాంక్రీటుకు 28 రోజులు వ్యవధి ఇచ్చాము. ఆ తర్వాత కూడా లోపల తడి ఉందేమో చూడటానికి, ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో అంటించి కనీసం పదహారు గంటలు వదిలేయాలి. మొదటిసారి ఉదయం ఎత్తి చూస్తే స్లాబు వైపు కాగితం అడుగున సన్నని మంచుచుక్కల్లా నీరు పట్టి, కాంక్రీటు ముదురు రంగుకు తిరిగి ఉంది. మరో పది రోజులు ఆగాము. తడి కాంక్రీటు మీద ప్రైమరు, అంటే రబ్బరు అతుక్కోవడానికి ముందుగా వేసే పూత, పట్టదు, తడికి బైండరు నురగెత్తి బలహీనపడుతుంది. మొదటి నేలను నా కళ్ళ ముందు ఊడదీసింది ఈ తొందరపాటే అయ్యుంటుందని నా నమ్మకం.

సంక్రాంతి ఎంచుకోవడానికి కారణాలు రెండు. ఆ రోజుల్లో హైదరాబాదులో వాన భయం తక్కువ. సగం ఫ్లాట్ల వారు సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు కనుక పిల్లలను ఆటస్థలానికి దూరంగా ఉంచడం తేలిక. భోగి మంట ప్రతి ఏడూ ఆటస్థలం పక్కనే వేస్తాము. ఈసారి గేటు బయటికి మార్చాము, ఆరని రబ్బరు మీద బూడిద పడితే మళ్ళీ పోదు.

పనివారు ఎస్‌బీఆర్ ముక్కలనూ బైండరునూ తూకం వేసి మిక్సరులో కలిపారు. ఆ తూకం చూడటానికి ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి, ఎందుకంటే బైండరు తగ్గిస్తే ఆ రోజు ఏమీ తెలియదు, ఏడాదికి పలుకులు రాలడం మొదలవుతుంది. పై పొరకు పలుకుల బరువులో దాదాపు ఐదో వంతు బైండరు పడుతుంది. కింది పొర పరచిన సాయంత్రం, 60 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసిన మేకును నేను పదిహేను చోట్ల గుచ్చి చూశాను. పద్నాలుగు చోట్ల సరిపోయింది. జారుడు బల్ల దిగే చోట, పిల్లల వెన్ను నేలకు తగిలే సరిగ్గా ఆ చోటే, మేకు గీతకు వేలెడు ముందే ఆగిపోయింది. సూపర్‌వైజరు కుర్రవాడు సాకులు చెప్పలేదు, "కాంక్రీటు అక్కడ కొంచెం ఉబ్బింది మేడం, పొద్దున్నే సరిచేస్తాం" అన్నాడు. మరునాడు ఆ భాగాన్ని కోసి తీసి, కాంక్రీటు చెక్కి, మళ్ళీ పోశారు.

పై పొరను ఒకే రోజున పూర్తిచేయాలని ముందే ఒప్పందంలో రాయించాము. ఈ రోజు పోసినదానికీ రేపు పోసేదానికీ మధ్య పడే అతుకే ఎండకు మొదట విచ్చుకుంటుంది. ఉదయం ఏడు గంటలకు మొదలుపెట్టి, జిగురు తాపీకి అంటకుండా మాటిమాటికీ నూనె రాస్తూ, నలుగురు మనుషులు మోకాళ్ళకు గోనెపట్టాలు కట్టుకుని వెనక్కి వెనక్కి జరుగుతూ నునుపు చేశారు. అంచుల్లో గట్టు మిగలకుండా నడక దారి మట్టానికి వాలుగా దించారు. ఇప్పుడు మామ్మగారి వాకరు కూడా ఆటంకం లేకుండా లోపలికి వెళుతుంది. బైండరు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. రెండు రోజులకు నడవవచ్చన్నారు, మేము ఐదు రోజులు తాళం వేశాము. ఒక్క సంగతి ముందుగా ఆలోచించలేదు: నేల దాదాపు మూడంగుళాలు పైకి రావడంతో ఉయ్యాల పీటలు నేలకు మరీ దగ్గరయ్యాయి, గొలుసులు రెండు కొక్కేల మేర తగ్గించవలసి వచ్చింది.

మే నెలలో ఈ నేలకున్న అసలు లోపం బయటపడింది. మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పులు లేకుండా దాని మీద నిలబడటం పెద్దవారికే సాధ్యం కాదు. నడక నేర్చే బిడ్డలు కాలు కాలినా వెంటనే పక్కకు తప్పుకోలేరు కనుక వారి అరికాళ్ళు బొబ్బలెక్కే ప్రమాదముంది. ఇసుక రంగు వేసిన భాగం ఎరుపు భాగం కంటే తక్కువ వేడెక్కుతుందని అరచేయి పెడితేనే తెలుస్తుంది. జారుడు బల్ల మీదుగా షేడ్‌నెట్ కట్టించి, పదకొండు నుంచి ఐదు వరకు గేటు మూసి ఉంచాము. ఇప్పుడు మళ్ళీ ఎంచమంటే నల్లని, ముదురు రంగులను పూర్తిగా మానేసి నీడకు ముందే డబ్బు కేటాయిస్తాను.

నిర్వహణ పెద్ద పని కాదు. మన ధూళి రంధ్రాల్లో కూరుకుపోతే నీరు ఇంకదు కనుక వారానికోసారి గట్టి చీపురుతో ఊడ్చి, నెలకోసారి నీటి పైపుతో కడిగిస్తున్నాము. కిరోసిన్, పెట్రోలు చుక్క కూడా పడనివ్వకూడదు. వినాయక చవితికి పందిరి గుంజలు ఈ నేల మీద నాటవద్దని, నిలబెట్టక తప్పకపోతే కింద చెక్కపలక వేయాలని నోటీసు పెట్టాము. దీపావళినాడు ఎంత చెప్పినా ఎవరో ఒక చిచ్చుబుడ్డి వెలిగించారు. అరచేతి వెడల్పున కాలిన మచ్చ పడింది. ఆ ముక్కను చదరంగా కోసి తీసి, మిగిలిన పలుకులతో అతుకు వేయించాము. పని పూర్తయిన రోజునే ప్రతి రంగులోనూ ఐదేసి కిలోల పలుకులు మూత బిగించిన డబ్బాల్లో దాచి పెట్టించుకోవడం అందుకు పనికివచ్చింది, లేకపోతే ఆ రంగు మళ్ళీ కలవదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఉయ్యాలల కింద, జారుడు బల్ల దిగే చోట చేయి వేసి చూస్తున్నాను. ఉయ్యాలల కింద, పిల్లలు కాళ్ళు ఈడ్చి ఆగేచోట, పై పొర కొద్దిగా పలచబడి పలుకులు చేతికి వస్తున్నాయి. కింది పొర ఇంకా బయటపడలేదు. వచ్చే సంక్రాంతికి ఆ రెండు చోట్లా బైండరు పూత వేయించి, పై పొర మందాన్ని మళ్ళీ మేకుతో చూడాలని సంఘం పుస్తకంలో రాసి పెట్టాము.